పొల్లు పోయిన పీక్

కిందటి వారం ఫ్లెక్సీ అక్కను నిండు సభలో, మైకు ముందు, కుడిచెయ్యి గాల్లో ఉండగా వదిలేశాం. ఆ చెయ్యి ఈపాటికి దించేసి ఉంటుంది. ఆడిన మాట మాత్రం దించలేదు.

కథ ఇంతవరకూ ఇదీ. వీధి మీదుగా హైటెన్షను లైను వేస్తామని కరెంటు సంస్థ వాళ్లు కాగితం మీద ఒక గీత గీశారు. ఆ గీత వీధివాళ్లకి తలరాత అయి కూర్చుంది. టవరుకి నాలుగు కాళ్లు. రెండు స్కూలు ఆటస్థలంలో పెడతారట, రెండు ఫ్లెక్సీ అక్క పెరట్లో పెడతారట. కాళ్లు పెరట్లో పెట్టినవాడు నెత్తిన ఏం పెడతాడు? తీగలు. కింద ఆమె ప్రింటింగు షాపు, వెనక ఇల్లు, మేడ మీద మరిది కాపురం, అన్నీ ఖాళీ చేసి పోవాలి. సభలో ఆ సంస్థ పెద్ద సారు, "సాయంత్రంపూట మీరు తాగే కరెంటుకి పాత లైను చాలదమ్మా" అన్నాడు. "తాగుడు తగ్గిస్తేనో?" అందామె. "ఎవరు మాన్పిస్తారు?" అని సారు నవ్వాడు. అప్పుడే ఆ చెయ్యి లేచింది. "ఒక్క సాయంత్రం ఇవ్వండి. తగ్గించి చూపిస్తాం."

సారు ఇచ్చాడు. శుక్రవారం ఆరు నుంచి తొమ్మిది దాకా సబ్‌స్టేషనులో మీటరు ముందు కూర్చుంటానన్నాడు. ముల్లు ఎర్రగీత దాటకపోతే లైను సంగతి మళ్లీ ఆలోచిస్తారు. దాటితే శనివారం పొద్దున్నే పెరట్లో గొయ్యి.

ఇవాళ ఆ శుక్రవారం.

ఫ్లెక్సీ అక్క పేరుకే ఫ్లెక్సీ. మనిషి వంగే రకం కాదు. పొద్దున్నే షాపు షట్టరెత్తి, బల్ల మీద పరిచిన బ్యానరు అంచులు కత్తిరిస్తుంటే, లాండ్రీ పిన్ని చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"అమ్మాయ్, ఒక్క మాట చెప్పు. మనం ఎవరి పీక కోస్తున్నాం?"

"పీకేమిటి పిన్నీ?"

"ఏమో, నువ్వే రాయించావు. మా ఇస్త్రీవాళ్లు పనికి రామంటున్నారు. 'అమ్మా, లైను వద్దంటే వద్దన్నాం గానీ, హత్యలకి రాలేం' అంటున్నారు."

ఫ్లెక్సీ అక్క కత్తెర పక్కనపెట్టి వీధిలోకొచ్చింది. బేకరీ పిట్టగోడ నుంచి ఎదురు మేడ దాకా, రాత్రి తను స్వయంగా కట్టించిన బ్యానరు గాలికి ఉబ్బి నిలబడి ఉంది. ఎర్రటి అక్షరాలు. మూరెడేసి ఎత్తు.

ఈ సాయంత్రం ఆరు గంటలకు
అందరం కలిసి పీక కోద్దాం!
ముఖ్య అతిథి: పెద్ద సారు

ఆమె ఒకసారి చదివింది. రెండోసారి చదవడానికి ధైర్యం చాలలేదు.

అసలు రాయాలనుకున్నది "పీక్ కోద్దాం" అని. ఆ మాట లెక్కల టీచరుది. పాతికేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన ఆవిడ వీధి సంఘం మీటింగులో బోర్డు మీద ఒక గీత గీసి చూపించింది. రోజంతా వీధి కరెంటు వాడకం బల్లపరుపుగా పోతుంది. సాయంత్రం అందరూ ఇంటికొచ్చి అన్నీ ఒకేసారి వేస్తారు. బేకరీ పొయ్యిలు, లాండ్రీ మిషన్లు, నీళ్ల మోటార్లు, ఇంటింటా ఏసీలు. అప్పుడు కొండలా ఒక శిఖరం లేస్తుంది. అదే పీక్. "ఈ పీక్ కోసం లైను వేస్తామంటున్నారు. మనం పీక్ కోశాం అనుకోండి, ఇక లైను దేనికి?" అందావిడ. సంఘమంతా చప్పట్లు కొట్టింది. బేకరీ పొయ్యిలు మధ్యాహ్నానికి, బట్టలుతికే మిషన్లు పొద్దుటికి, మోటార్లు ఎండవేళకి జరిపారు. స్కూలు కప్పు మీద సోలారు పలకల కింద బ్యాటరీలు పెట్టించి, పగటి ఎండని సాయంత్రానికి దాచారు. అంతా సిద్ధం.

ఒక్క పొల్లు తప్ప.

కంప్యూటరులో ఒక ఫాంటు నుంచి ఇంకో ఫాంటుకి మార్చేటప్పుడు పొల్లులు రాలిపోతాయని ఆమెకి తెలియనిది కాదు. పొల్లుపోకుండా పని చేస్తుందనే ఆ షాపుకి పేరు. ఇన్నేళ్లలో పోయింది ఒకే ఒక్క పొల్లు, అది సరిగ్గా 'క' నెత్తి మీద నుంచి పోయింది. పీక్ కాస్తా పీక అయింది. ముఖ్య అతిథిని పిలిచి మరీ కోస్తామన్నట్టయింది.

పిన్నికి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఫ్లెక్సీ అక్కకి వచ్చింది. బేకరీ అరుగు మీద కాఫీ తాగుతున్న లెక్కల టీచరుకి పొలమారింది. ముగ్గురూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వుతుండగా మోటారుసైకిలు వచ్చి ఆగింది.

దిగినవాడు ఆమె మరిది. కరెంటు సంస్థలో ఇంజినీరు. ఈ కొత్త లైను గీసిన చెయ్యి అతనిదే. తను కాపురముంటున్న మేడ మీంచే గీశాడంటే ఎంత నిష్పక్షపాతో చూడండి.

"వదినా, దించు" అన్నాడు బ్యానరు వైపు చూపిస్తూ.

"ముందు నువ్వు హెల్మెట్టు దించు. లోపల మాట్లాడేది మా మరిదో, పెద్ద సారో తెలియడం లేదు."

అతను హెల్మెట్టు తీశాడు. మొహం పాలిపోయి ఉంది.

"నీకిది నవ్వులాట. తెల్లారేసరికి ఆ ఫొటో పెద్ద సారు ఫోనుకి చేరింది. ఆయన చూసి, చొక్కా మెడ గుండీ పెట్టేసుకున్నారు."

"అయ్యో, ఈ ఎండలో!" అంది పిన్ని.

"పిన్నీ, నువ్వుండు. వదినా, పరీక్ష రద్దంటున్నారాయన. సిబ్బంది ప్రాణాలకి రక్షణ లేని చోట మీటరు చూడనన్నారు. రేపు పొద్దున్నే గొయ్యి తవ్వమని నాకే ఆర్డరు."

నవ్వు ఆగిపోయింది. ఫ్లెక్సీ అక్క షాపులోకి నడిచింది. ముగ్గురూ వెనకే వచ్చారు. లోపల వేడి ఇంకు వాసన. గోడవారగా చుట్టిన గుడ్డలు, మధ్యలో పెద్ద ప్రింటింగు మిషను. వెనక గదిలో ఆమె భర్త వయొలిన్ ఒకటి ఒళ్లో పెట్టుకుని బిరడా తిప్పుతున్నాడు. ఊళ్లోవాళ్ల వాయిద్యాలు బాగుచేయడం ఆయన వృత్తి. ఇంట్లో అన్నవీ తీగలే, బయట తమ్ముడివీ తీగలే. అన్నవి మీటితే పలుకుతాయి. తమ్ముడివి ముట్టుకుంటే మాట ఉండదు.

"అక్షరదోషం రా అబ్బాయ్" అందామె. "పొల్లు పోయింది. అంతే."

"పొల్లు పోతే పెట్టొచ్చు. నా ఉద్యోగం పోతే? మీ వదిన మనుషుల్ని చంపుతానంటోంది అని ఆఫీసులో అందరూ నన్నే చూస్తున్నారు. చెప్పాను కదా, ఊరవతల మంచి షాపు చూసిపెడతానని. ఇంకెందుకీ పంతం?"

"షాపు నువ్వు చూస్తావు సరే. ఆటస్థలం కూడా చూస్తావా? టవరు కాళ్ల మధ్య పిల్లలు ఏం ఆట ఆడాలి? కరెంటాటా?"

"గీసింది నేను కాదు వదినా. కంప్యూటరు. ఎటు దగ్గరైతే అటు గీస్తుంది."

"కంప్యూటరుకి వదిన లేదు. నీకుంది."

మరిది తల వంచుకున్నాడు. వెనక గదిలోంచి అన్న గొంతు వచ్చింది. "మీరిద్దరూ ఒక్క శ్రుతిలో అరవండర్రా. నాకిక్కడ రెండో తీగ కుదరడం లేదు."

"మీరు రెండో తీగ చూసుకోండి. నేను మొదటి తీగ చూసుకుంటాను" అని, ఆమె మరిదికేసి చెయ్యి చాచింది. "ఏదీ, మీ సారుకి ఫోను కలుపు. స్పీకర్లో పెట్టు."

"వదినా!"

"కలపరా. పీక కోయను. మాట్లాడతానంతే."

అటువైపు రెండు మోతల తర్వాత గొంతు పలికింది. "ఏమయ్యా, దించారా?"

"నమస్కారం సార్. నేను, ఫ్లెక్సీ వేసినదాన్ని."

అటు గొంతు సవరించుకున్న చప్పుడు. బహుశా గుండీ తడుముకుని ఉంటాడు.

"ఏమిటమ్మా ఇది? ముఖ్య అతిథిగా పిలిచి బెదిరిస్తారా?"

"బెదిరింపు కాదు సార్, అచ్చుతప్పు. పీక్ అని వేయబోతే పొల్లు ఎగిరిపోయింది. కరెంటు ఇంజినీరుకి పీక్ అంటే ఏమిటో నేనా చెప్పడం?"

"చట్టప్రకారం నేను..."

"ఒక్క నిమిషం సార్. ఆ ఫొటో మీకొక్కరికే వచ్చిందనుకుంటున్నారేమో. ఊరంతా తిరుగుతోంది. అంతా మా షాపుకొచ్చి ఎవరి పీక, ఎందుకు కోస్తున్నారు అని అడుగుతారు. అడిగినవాళ్లకల్లా మేము పీక్ అంటే ఏమిటో చెబుతాం. ఇంతవరకూ మా వీధి వాళ్లకే తెలిసిన మాట, సాయంత్రానికి ఊరందరికీ తెలుస్తుంది. చూడ్డానికి వస్తారు కూడా. అప్పుడు మీరు లేకపోతే, పొల్లు చూసి పెద్ద సారు పరారయ్యారు అనుకుంటారు. నేను అననులెండి. కానీ నా దగ్గర ప్రింటింగు మిషనుంది."

లాండ్రీ పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. మరిది కళ్లు మూసుకున్నాడు. ఫోనులో ఊపిరి వినిపిస్తోంది.

ఆ తర్వాత వినిపించింది నవ్వు. కోపం నవ్వు కాదు. తీరిగ్గా, కుర్చీలో వెనక్కి వాలి నవ్వే నవ్వు.

"సరేనమ్మా. వస్తాను. ఆరింటికి మీటరు ముందే ఉంటాను. ముందు ఆ బ్యానరు సరిచేయండి. తర్వాత మీరు ఎంత కోయగలరో కోయండి."

ఫోను పెట్టేశాడు.

పిన్ని చప్పట్లు కొట్టింది. "గెలిచాం! అమ్మాయ్, నీ నోరు మిషను కంటే స్పీడు!"

ఫ్లెక్సీ అక్క కుంచె, నల్లరంగు డబ్బా తీసుకుని, నిచ్చెన వేయించి, బ్యానరు మీద 'క' నెత్తిన పొల్లు పెట్టింది. చిన్నది కాదు, కోడిపుంజు జుట్టంత. కింద నిలబడ్డవాళ్లు ఈలలు వేశారు. కిందికి దిగుతున్నంతసేపూ ఆమె చెవిలో ఆ నవ్వే మోగుతోంది. ఇందాక చొక్కా గుండీ పెట్టుకున్నవాడు, ఓడిపోతే లైను ఆగిపోతుందని తెలిసినవాడు, అంత హాయిగా ఎలా నవ్వాడు?

మరిది మోటారుసైకిలు ఎక్కబోతున్నాడు. ఆమె తాళం చెవి లాగేసింది.

"మీ సారు ఎందుకు నవ్వాడు?"

"నాకేం తెలుసు వదినా? పెద్దవాళ్లు, నవ్వుతారు."

"నేను కాపురానికి వచ్చినప్పుడు నువ్వు ఏడో తరగతి. మామిడికాయ దొంగతనం చేసినప్పుడు కూడా ఇలాగే హెల్మెట్టు పట్టీ పీకుతూ నిలబడ్డావు."

"అప్పుడు హెల్మెట్టు లేదు."

"చొక్కా పీకావు. పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి నీకు. చెప్పు."

అతను వీధి రెండువైపులా చూశాడు. గొంతు తగ్గించాడు.

"మీరు కోసినా అది తెగదు వదినా."

"ఏది?"

"పీక్. ఆ మీటరు మన వీధి ఒక్కదానిదే కాదు. కాలవ అవతల కోల్డ్ స్టోరేజీ కూడా అదే లైను మీద ఉంది. మీరు వీధంతా దీపాలు కూడా ఆర్పేసుకుని కూర్చోండి. అక్కడ కంప్రెసర్లు తిరిగితే చాలు, ముల్లు ఎర్రగీత దాటిపోతుంది."

లెక్కల టీచరు కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టేసింది. "ఈ మాట సభలో ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదు కదా, అన్నారు సారు."

"ఆయన అన్నారు సరే, నువ్వేమన్నావు?" అంది ఫ్లెక్సీ అక్క.

అతను పట్టీ వదిలేశాడు. "నేనేమీ అనలేదు వదినా. అదే నా తప్పు."

వీధిలో ఎవరో కొత్తవాళ్లు బ్యానరు ముందు నిలబడి బిగ్గరగా చదువుకుంటున్నారు. పిన్ని ఈసారి నవ్వలేదు. ఇంతమంది ఇన్నాళ్లు పొయ్యిలు జరిపి, మిషన్లు జరిపి, బ్యాటరీలు మోసి, ఆడుతున్నది ఓడిపోయే ఆట.

టీచరు మాత్రం వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంటోంది. "ఓడిపోవాల్సిన పని లేదు. కోల్డ్ స్టోరేజీ అంటే పెద్ద ఫ్రిజ్జు. తలుపు తీయకుండా ఉంటే ఫ్రిజ్జు కరెంటు పోయినా చల్లగా ఉండదూ? మధ్యాహ్నం ఎండవేళ, కరెంటు దండిగా ఉన్నప్పుడు, మామూలుకన్నా ఎక్కువ చల్లబరిచి పెట్టుకుంటే సాయంత్రం కంప్రెసర్లు ఆపేయొచ్చు. పళ్లు పాడవవు. అది ఫ్రిజ్జు కాదమ్మా, చలి దాచుకునే బ్యాటరీ. ఆ ఒక్కటీ మనతో కలిస్తే చాలు, పీక్ మాయం."

"కలుస్తుందంటావా?" అని పిన్ని అడిగింది. అడిగిన మరుక్షణం నాలిక కరుచుకుంది.

ఎందుకంటే ఆ కోల్డ్ స్టోరేజీ ఫ్లెక్సీ అక్క ఆడపడుచుది.

భర్తకి చెల్లెలు, మరిదికి అక్క. నాలుగేళ్లుగా కాలవకి అటూ ఇటూ మాటల్లేవు. కోల్డ్ స్టోరేజీ తెరిచిన రోజున, నలుగురూ వింటుండగా ఫ్లెక్సీ అక్క నోరూరుకోలేదు. "ఇంత ఖర్చు పెట్టి మిషన్లెందుకు, మా ఆడపడుచు మనసు పక్కన పళ్లు పెడితే వాటంతటవే గడ్డకట్టేవి" అంది. అందరూ నవ్వారు. ఒక్కరు నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య నిజంగానే శీతలయుద్ధం.

ఆమె లోపలికెళ్లి మొహం కడుక్కుని వచ్చింది. భర్త వయొలిన్ పక్కన పెట్టి లేచాడు. "నేను రానా?"

"వద్దు. మీరొస్తే అన్న ఒక పక్క, తమ్ముడు ఒక పక్క, పెళ్లాం ఒక పక్క. అన్ని తీగలు ఒకేసారి బిగిస్తే ఏదో ఒకటి తెగుతుంది. నోరు జారింది నాది, వెళ్లేది నేనే."

మరిది సంస్థ బిళ్ల మెడలోంచి తీసి జేబులో వేసుకున్నాడు. "గేటు దాకా దింపుతాను. పైకి మాత్రం రాను. నేను డ్యూటీలో ఉన్నాను."

"డ్యూటీలో ఉన్నావు కాబట్టే నన్ను దింపుతున్నావు. మీ సంస్థకి మనుషుల్ని దింపడమే తప్ప ఎక్కించడం తెలియదు" అని ఆమె వెనక కూర్చుంది.

కాలవ వంతెన దాటినా ఎండ మారలేదు గానీ, గోదాము గుమ్మంలో ప్లాస్టిక్ తెరలు తొలగించుకుని లోపలికి అడుగుపెట్టగానే ఆమె కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. ఆపిల్ పెట్టెలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. గోడల వెనక కంప్రెసర్లు గురకపెడుతున్నాయి. ఇనుప మెట్లెక్కితే పైన గాజు గది. అందులో, బయట ఎండ మండుతుంటే, ఉన్ని శాలువా కప్పుకుని ఆడపడుచు కూర్చుని ఉంది. తల ఎత్తి చూసింది. ఆశ్చర్యపడలేదు.

"రా వదినా. కూర్చో. కుర్చీ కాస్త చల్లగా ఉంటుంది. నా మనసంత కాదులే."

నాలుగేళ్లుగా దాచిన మాట, ఒక్క మచ్చ లేకుండా తాజాగా ఉంది.

ఫ్లెక్సీ అక్కకి బదులు నాలిక చివరి దాకా వచ్చింది. జీవితంలో మొదటిసారి ఆమె ఒక మంచి జోకుని మింగేసింది. "ఆ మాట నేను అనకూడదు. నలుగురిలో అసలే అనకూడదు. తిట్టు. విని, తర్వాత పని చెబుతాను."

"పనే ముందు చెప్పు. తిట్లెక్కడికి పోతాయి? ఫ్రీజర్లో పెట్టాను."

ఫ్లెక్సీ అక్క చెప్పింది. గీత, టవరు కాళ్లు, ఆటస్థలం, పీక్, మీటరు, ఫోనులో సారు నవ్విన నవ్వు, మరిది నోట విన్న సంగతి. పొల్లు సంగతి వచ్చేసరికి ఆడపడుచు పెదవి చివర ఒక్కసారి అదిరింది. వెంటనే సర్దుకుంది.

"ఆ మూడు గంటలు ఆపితే నా సరుక్కేమీ కాదు" అంది ఆలోచిస్తూ. "మధ్యాహ్నం గట్టిగా చల్లబరిచి, తలుపులు బిగించి ఉంచితే ఇంకో గంట కూడా నిలుస్తుంది. మీ టీచరు చెప్పింది నిజమే."

ఫ్లెక్సీ అక్క ఊపిరి వదిలింది. ఆ చలికి ఊపిరి పొగై కనబడింది.

"కానీ ఆలస్యం చేశావు వదినా."

"ఏం?"

"మీ పెద్ద సారు ఇందాకే ఫోను చేశారు. నీతో మాట్లాడి పెట్టేసిన వెంటనే అయ్యుంటుంది, ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఈ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా కంప్రెసర్లన్నీ ఒకేసారి తిప్పమన్నారు. వాడకుండా పక్కనపెట్టినవి కూడా. కొత్త లైను వస్తే నా రెండో గోదాముకి మొదటి కనెక్షను ఇప్పిస్తారట."

"నువ్వేమన్నావు?"

ఆడపడుచు శాలువా దగ్గరికి లాక్కుంది. "సరేనన్నాను."

కింద కంప్రెసరు ఒకటి ఆగి, మళ్లీ మొదలైంది. ఫ్లెక్సీ అక్క లేవలేదు. లేచి వెళ్లిపోతుందని ఎదురుచూసిన ఆడపడుచుకి అది వింతగా అనిపించినట్టుంది. ఫ్లెక్సీ అక్క కుర్చీని బల్లకి ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. రెండు మోచేతులూ బల్ల మీద ఆనించింది.

"సరేనన్నది ఫోనులో. ఇంకా ఆరు కాలేదు. నేను ఈ కుర్చీలోంచి కదలను. గడ్డకట్టినా ఇక్కడే గడ్డకడతాను. చెప్పు, నీ చేత కాదనిపించాలంటే నేనేం చెయ్యాలి?"

ఆడపడుచు లేచి, గాజుగది తలుపు దగ్గరికి నడిచింది. మెట్ల కిందికి తొంగి చూసి, లోపలి నుంచి గడియ పెట్టింది.

"గేటు దగ్గర మోటారుసైకిలు మీద ఉన్నది మా తమ్ముడే కదూ?" అంది, గొంతు తగ్గించి. "అయితే మెల్లగా మాట్లాడు వదినా. ఆ గీత నీ ఇంటి మీంచే ఎందుకు పోయిందో వాడికి ఇప్పటికీ తెలియదు. నాకు తెలుసు."